కరెంటు వాళ్ళదే, మీటరూ వాళ్ళదే

ఇంటర్ ఫలితాలొచ్చే రోజు సైటు తెరుచుకోకపోవడం మనకేం కొత్త కాదు. ఎవర్నడిగినా ఒకటే జవాబు: "లోడెక్కువైందండీ". బాగానే ఉంది, కానీ ఎంత ఎక్కువైంది? ఎప్పట్నుంచి? ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు? ఈ ప్రశ్నలకి వందేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అది తిరగేస్తే నాకు ఒకటి అర్థమైంది. కొలిచే పద్ధతులు మెరుగయ్యేకొద్దీ ఆ కొలత మన చేతిలోంచి జారి, యంత్రాన్ని నడిపేవాళ్ళ చేతిలోకి పోయింది. దాంతో సుఖమూ వచ్చింది, ఒక చిక్కూ వచ్చింది.

ముందు, ఈ వృత్తిలో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లోడ్ బ్యాలెన్సరంటే బ్రహ్మవిద్యేం కాదు. రైల్వే రిజర్వేషన్ హాల్లో గుమ్మం దగ్గర ఒకాయన నిలబడి "మీరు మూడో కౌంటరుకి, మీరు అయిదుకి" అని పంపిస్తున్నాడనుకోండి, అదే దీని పని. వెనకున్న సర్వర్లలో ఏది బతికుందో, ఏది పడిపోయిందో చూసుకుని మరీ పంపిస్తుంది. అందరూ ఆ గుమ్మంలోంచే రావాలి కాబట్టి లెక్క రాసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఎంతమంది వచ్చారు, ఎంతసేపు ఆగారు, ఎంతమంది ఉత్తచేతుల్తో వెళ్ళిపోయారు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

ఈ లెక్కలు మొదలుపెట్టింది కంప్యూటర్లవాళ్ళు కాదు, టెలిఫోనువాళ్ళు. 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో చేరిన ఏ.కే. ఎర్లాంగ్ 1909లో ఫోను కాల్స్ రాకపోకల మీద ఒక వ్యాసం రాశాడు. 1917లో, ఇన్ని లైన్లుంటే ఎంతమందికి లైను దొరకదు, ఎంతసేపు ఆగాల్సొస్తుంది అని లెక్కగట్టే సూత్రాలు ఇచ్చాడు. 1946లో టెలిఫోను రద్దీని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. ఈ వరసల గణితంలో అసలు మెలిక ఏంటంటే, రద్దీ పెరిగేకొద్దీ ఎదురుచూపు అదే మోతాదులో పెరగదు. ఒకే కౌంటరున్న మామూలు నమూనా తీసుకోండి. కౌంటరు సగం సమయం పనిలో ఉంటే, మీరు సగటున ఒక మనిషి పనికి పట్టేంతసేపు ఆగుతారు. 90 శాతం పనిలో ఉంటే తొమ్మిది రెట్లు. 95 శాతమైతే 19 రెట్లు! అంటే "ఇంకా అయిదు శాతం ఖాళీ ఉంది కదా" అనుకునే సమయానికే కొంప మునిగిపోయి ఉంటుంది.

ఇక కంప్యూటర్ల కాలానికొద్దాం. నెట్‌వర్కు పెట్టెల్ని దూరం నుంచి "ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి" అని అడిగే ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతి 1988లో వచ్చింది. 1994లో ఇంగ్లండులోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న టోబియస్ ఓటికర్‌కి ఒక సమస్య ఎదురైంది. మొత్తం సంస్థకి బయటి ప్రపంచంతో ఉన్నది ఒక్క 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండిందో అందరికీ తెలుసుకోవాలనుంది. ఆయన ఒక ప్రోగ్రాము రాసి, ఆ రద్దీని గ్రాఫుగా గీసి వెబ్ పేజీలో పెట్టేశాడు. అదే ఎంఆర్‌టీజీ, 1995లో బయటికొచ్చింది. అయిదు నిమిషాలకోసారి వెళ్ళి అడిగొస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, లైను వాడుకునేవాళ్ళ చేతిలోనే మీటరు కూడా ఉంది.

1999లో ఆయనే ఆర్‌ఆర్‌డీటూల్ తెచ్చాడు. డేటా ఎప్పటికీ పెరగకుండా, పాతబడేకొద్దీ సగటు చేసి కుదించేస్తుంది. తెలివైన ఉపాయమే, కానీ ఆ సగటుల్లో చరిత్ర చెరిగిపోతుంది. పది నిమిషాలు లైను పూర్తిగా నిండిపోయి, మిగతా రోజంతా పది శాతమే ఉందనుకోండి. రోజుకో చుక్క పెట్టే ఏడాది గ్రాఫులో ఆ రోజు పదిన్నర శాతం దగ్గర ప్రశాంతంగా కనిపిస్తుంది. గరిష్ఠాన్ని విడిగా దాచమని చెబితే తప్ప ఆ పది నిమిషాల గోల ఎవరికీ గుర్తుండదు.

అదే కాలంలో లోడ్ బ్యాలెన్సర్లూ వచ్చాయి. ముందు సిస్కో, ఎఫ్5 లాంటి కంపెనీల ఖరీదైన పెట్టెలు, తర్వాత 2001లో విల్లీ టారో రాసిన హెచ్ఏప్రాక్సీ. ఇది ఉచితం, పైగా తన లెక్కలన్నీ ఒక పేజీలో తనే చూపించేది. అప్పటిదాకా పెట్టె మనదే, మీటరూ మనదే.

2009 మే నెలలో అమెజాన్ తన క్లౌడులో లోడ్ బ్యాలెన్సరునీ, క్లౌడ్‌వాచ్ అనే కొలతల సేవనీ ఒకేసారి విడుదల చేసింది. పెట్టె కొనక్కర్లేదు, తీగలు లాగక్కర్లేదు. అభ్యర్థనలు ఎన్ని, జాప్యం ఎంత, బతికున్న సర్వర్లెన్ని అన్నీ నిమిషానికోసారి వాటంతటవే వస్తాయి. 2011 నుంచి మన సొంత హెచ్ఏప్రాక్సీ అంకెల్ని కూడా చిన్న ప్రోగ్రాముతో అక్కడికి పంపుకునే వీలొచ్చింది. సుఖంగానే ఉంది. నేనూ ఆ సుఖానికి అలవాటుపడ్డవాణ్ణే. కానీ కరెంటు వాళ్ళదే, మీటరూ వాళ్ళదే అయిపోయింది. మన ఇంటి కరెంటు మీటరు కంపెనీదైనా మన గోడ మీదే ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

అయితే ఏంటట అంటారా? మూడు సంఘటనలు చెబుతాను.

2012 డిసెంబరు 24న అమెజాన్‌లో ఒక నిర్వహణ పని పొరపాటున అసలు వ్యవస్థ మీద నడిచి, కొన్ని లోడ్ బ్యాలెన్సర్ల సమాచారాన్ని చెరిపేసింది. తప్పులు పెరుగుతున్నట్టు అంకెలు చూపిస్తూనే ఉన్నాయి. కొత్త బ్యాలెన్సర్లు తయారవుతున్నాయి, పాతవి మాత్రం మాట వినడం లేదు. ఎందుకో ఇంజనీర్లకి వెంటనే అంతుపట్టలేదు. క్రిస్మస్ ముందురాత్రి అమెరికాలో చాలామందికి నెట్‌ఫ్లిక్స్ రాలేదు. అంకె కనిపించడం వేరు, అర్థం కావడం వేరు.

2017 ఫిబ్రవరి 28న ఒక ఆదేశంలో దొర్లిన తప్పు వల్ల అమెజాన్ ఎస్‌త్రీ నిల్వ సేవ వర్జీనియా ప్రాంతంలో ఆగిపోయింది. "మా సేవలు ఎలా ఉన్నాయో చూడండి" అని చెప్పే వాళ్ళ పేజీని మార్చడానికి కూడా ఎస్‌త్రీయే కావాలట! దాదాపు రెండు గంటలు దాన్ని మార్చలేక ట్విట్టర్‌లో చెప్పుకోవాల్సొచ్చింది.

2020 నవంబరు 25న కినెసిస్ అనే సేవ పడిపోయింది. క్లౌడ్‌వాచ్ దాని మీదే ఆధారపడింది కాబట్టి అదీ కుంటుపడింది. కొలతలు పంపితే తీసుకోలేదు, అలారాలు "సరిపడా సమాచారం లేదు" అనే స్థితిలోకి వెళ్ళిపోయాయి. ఇల్లు తగలబడుతుంటే గంట కొట్టాల్సినవాడు ఆ ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

ఇంకో మెలిక కూడా ఉంది. అమెజాన్ బ్యాలెన్సరు తన గుండా అభ్యర్థనలు వెళ్ళనప్పుడు "సున్నా" అని చెప్పదు, అసలేమీ చెప్పదు. జనం రావట్లేదా, లెక్క రాసేవాడు పడిపోయాడా? గ్రాఫులో రెండూ ఒకేలా ఖాళీగా కనిపిస్తాయి.

ఇదంతా చెప్పి మళ్ళీ పెట్టెలు కొనుక్కోమనడం నా ఉద్దేశం కాదు. ఒక చిన్న సంస్థ ఇరవై నాలుగ్గంటలూ సొంత మీటర్లు కాపలా కాయలేదు. లెక్కల్ని క్లౌడుకి పంపండి, తప్పులేదు. కానీ సగటుతో పాటు గరిష్ఠాన్నీ అడగండి. అంకెలు రాకపోవడాన్ని కూడా ఒక అలారంగా పెట్టుకోండి. మీ సైటుని నిమిషానికోసారి తట్టి చూసే చిన్న ప్రోగ్రాము ఒకటి ఆ కంపెనీ గడప బయట, వేరే చోట ఉంచండి. నెలకి అయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

64 కిలోబిట్ల లైను రోజుల్లో గ్రాఫు గీసి అందరికీ కనిపించేలా పెట్టడం వెనక ఉన్నది గొప్ప సాంకేతికత కాదు, వాడుకునేవాడికి తెలియాలన్న పట్టుదల. లైన్లు లక్షల రెట్లు పెరిగాయి. ఆ పట్టుదలని మాత్రం నెలవారీ బిల్లుతో పాటు ఇంకొకరికి అప్పజెప్పేశామేమో అనిపిస్తుంది.