టీవీ బొమ్మకు కంప్యూటర్ కుంచె

టీవీ వార్తల్లో చూపించే బొమ్మలను ఒకప్పుడు చిత్రకారులు అట్టల మీద వేసేవారు. వాటిని స్టాండుపై పెట్టి కెమెరాతో తీసేవారు. ఒక్క అక్షరం మారినా మళ్లీ రాయాల్సిందే.

1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రిచర్డ్ షూప్ 'సూపర్‌పెయింట్' తయారుచేశారు. పలక మీద పెన్ను కదిపితే టీవీ తెరపై 256 రంగుల్లో బొమ్మ వచ్చేది. కానీ ఆఫీసు పనికి రంగులెందుకని కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది. అయినా 1978లో నాసా శుక్రగ్రహ యాత్రను టీవీలో వివరించడానికి అదే పనికొచ్చింది. 1981లో ఇంగ్లండులోని క్వాంటెల్ కంపెనీ 'పెయింట్‌బాక్స్' తెచ్చాక టీవీ స్టేషన్లలో ఈ పద్ధతి బాగా పాకింది. 1983లో షూప్‌కీ, వద్దనుకున్న జిరాక్స్‌కీ కలిపి ఎమ్మీ అవార్డు ఇచ్చారు!

కొత్త పనిముట్టు విలువ మొదటిరోజే అందరికీ తెలియదు. అందుకే ముందు దారి వేసినవాళ్లను చరిత్ర మరచిపోకూడదు.