బల్దియా సభల సాధారణ వ్యవహారం: ఉప్పుగూడ వైపు నుంచి ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు నగరపాలక సంస్థ చరిత్రను చట్టాలు, ఎన్నికలు, మేయర్ల వరుసగా చెప్పడం పరిపాటి. పాలకమండలి సమావేశాల్లో జరిగే సాధారణ వ్యవహారం ఆ కథనంలో పెద్దగా కనిపించదు. గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ, సభ్యుల ప్రశ్నలు, స్థాయీసంఘం సిఫార్సులు, పద్దుల ఆమోదం వంటి మామూలు అంశాలను ఆధారంగా తీసుకుని ఆ చరిత్రను తిరిగి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. పాలకమండలి లేని దీర్ఘకాలాల్లో తీర్మానాలు ఆగలేదని, ఆగినది ప్రశ్న అని, ఆ లోటు ఉప్పుగూడ వంటి దక్షిణ పాతబస్తీ ప్రాంతాల చరిత్రపై ప్రభావం చూపిందని ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: బల్దియా, పాలకమండలి, స్థాయీసంఘం, స్పెషల్ ఆఫీసర్, ప్రశ్నోత్తరాలు, పాతబస్తీ, ఉప్పుగూడ

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తెలుగులో మునిసిపాలిటీకి నేటికీ నిలిచిన మాట ‘బల్దియా’. నిజాం కాలపు ఉర్దూ పాలనా పరిభాష నుంచి వచ్చిన ఈ పదాన్ని తెలుగు పత్రికల శీర్షికలు ఇప్పటికీ వాడుతున్నాయి. పౌరులు దానిని కార్యాలయం అనే అర్థంలోనే ఎక్కువగా వాడతారు. పన్ను కట్టేది బల్దియాకు, చెత్త ఎత్తేది బల్దియా, మోరీ పొంగితే తిట్టేది బల్దియాను. ఆ మాటలో సభ అనే అర్థం స్ఫురించడం అరుదు. ఇది భాషలో యాదృచ్ఛికంగా ఏర్పడిన పరిమితి కాదు. ఈ నగరంలో మునిసిపాలిటీ మొదట శాఖగా పుట్టింది, సభగా మారడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. మారిన తరువాత కూడా ఆ సభ పలుమార్లు ఏళ్ల తరబడి లేకుండా పోయింది.

లాల్ దర్వాజా, అలియాబాద్ దాటి, ఫలక్‌నుమా వైపు సాగే రైలుమార్గం వెంట ఉన్న బస్తీ ఉప్పుగూడ. యాకుత్‌పురాకు, ఫలక్‌నుమాకు మధ్య చిన్న రైల్వేస్టేషను, బోనాల ఊరేగింపులో పేరున్న మహంకాళి గుడి, చుట్టూ ఛత్రినాక, గౌలిపురా, జంగంమెట్ దీని పరిసరాలు. గ్రేటర్ పాలకమండలికి 150 డివిజన్లు ఉన్న కాలంలో ఉప్పుగూడ పేరుతోనూ ఒకటి ఉండేది. నగర చరిత్ర గ్రంథాల్లో దీనికి దక్కే చోటు స్వల్పం. కట్టడాల చరిత్రలో ఇది పక్కనున్న ఫలక్‌నుమా నీడలో ఉండిపోతుంది. మోరీలు, దారులు, దీపాలు, నీటి గొట్టాల చరిత్రలో మాత్రం ఇటువంటి బస్తీయే ప్రధానం. ఆ చరిత్ర నమోదు కావలసిన చోటు పాలకమండలి మినిట్స్ పుస్తకం.

2. శాఖ సభగా మారిన క్రమం

1869లో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో నగరం తొలిసారి మునిసిపల్ పాలన కిందికి వచ్చింది. మునిసిపల్, రహదారుల నిర్వహణ శాఖ ఏర్పడింది, కమిషనర్ నియమితుడయ్యాడు. అప్పటి నగర వైశాల్యం 55 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు మూడున్నర లక్షలు. పాలనకోసం నగరాన్ని నాలుగు విభాగాలుగా, చాదర్‌ఘాట్ శివారును అయిదు విభాగాలుగా చేశారు. 1886లో చాదర్‌ఘాట్ వేరే అధికారి కింద ప్రత్యేక మునిసిపాలిటీ అయింది. 1921 నాటికి నగర మునిసిపాలిటీ వైశాల్యం 84 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద తరువాత పునర్నిర్మాణ బాధ్యతను మునిసిపాలిటీకి కాక, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డుకు అప్పగించారు. పెద్ద పని వచ్చినప్పుడల్లా మునిసిపాలిటీని పక్కన ఉంచి కొత్త సంస్థను నెలకొల్పే అలవాటు అప్పటిదే. అది నేటికీ తప్పలేదు.

1933లో చాదర్‌ఘాట్‌ను కలిపి, హైదరాబాదు మునిసిపల్ చట్టం ద్వారా కార్పొరేషన్ హోదా ఇచ్చారు. 1934లో తొలి ఎన్నికలు జరిగి స్థాయీసంఘం ఏర్పడింది. ఈ ఘటనను అప్పటి రాజకీయ వాతావరణంలో ఉంచి చూడాలి. 1929 నాటి గస్తీ నిషాన్ 53 ప్రకారం సంస్థానంలో ముందస్తు అనుమతి లేకుండా సభలు జరపడం నిషిద్ధం. గ్రంథాలయ సభకు, ఆంధ్ర మహాసభకు సైతం అనుమతి కోసం ఎదురుచూడవలసిన రోజులవి. అటువంటి రాజ్యంలో, పరిమిత ఓటుహక్కుతోనే అయినా, ఒక అధికారిని కూర్చోబెట్టి వీధిదీపం ఎందుకు వెలగలేదని అడిగే హక్కు చట్టబద్ధంగా కలగడం చిన్న విషయం కాదు. ఆ ప్రశ్న దీపం గురించినదే అయినా, ప్రభుత్వ యంత్రాంగం సమాధానం చెప్పాలనే నియమం అందులో ఇమిడి ఉంది. 1942లో ఆ కార్పొరేషన్ హోదా రద్దయింది. నియమానికి ఆయుష్షు ఎనిమిదేళ్లే.

3. 1951 తరువాత

1950 నాటి చట్టంతో హైదరాబాదు, సికింద్రాబాదు రెండూ కార్పొరేషన్లయ్యాయి. 1951లో ఎన్నికలు జరిగాయి. హైదరాబాదు మేయరుగా మాడపాటి హనుమంతరావు ఎన్నికయ్యారు. ఈ ఎంపికలోని ఔచిత్యాన్ని చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం నాటి నుంచి మాడపాటి నడిపిన ఉద్యమం విజ్ఞప్తుల, తీర్మానాల ఉద్యమం. వెట్టిచాకిరిపై సమాచారం సేకరించడం, కరపత్రం వేయడం, సభలో తీర్మానం చేయడం, ప్రభుత్వానికి పంపి జవాబు కోసం ఎదురుచూడటం ఆయన పద్ధతి. ఆ పద్ధతి మెతకదని అతివాదులు విమర్శించారు. ఉద్యమంగా దాని పరిమితులు ఎలా ఉన్నా, మునిసిపల్ సభకు కావలసిన శిక్షణ సరిగ్గా అదే. ముప్పై ఏళ్లపాటు తీర్మానాలు రాసి బయట నిలబడినవారు, తీర్మానం అమలు కావలసిన కుర్చీలో కూర్చున్నారు.

1955లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. పేరు మారినా నేటి గ్రేటర్ సంస్థకు మూలం ఆ చట్టమే. 1960లో సికింద్రాబాదు కార్పొరేషన్ విలీనమైంది. 1962లో రాణీ కుముదినీదేవి మేయరయ్యారు. నగరానికి ఆమె తొలి మహిళా మేయరు.

4. సమావేశం నడిచే తీరు

1955 చట్టం మునిసిపల్ అధికారాన్ని మూడు చోట్ల ఉంచింది: పాలకమండలి, స్థాయీసంఘం, కమిషనర్. అమలు చేసేది కమిషనర్. ఆయన ప్రభుత్వం నియమించిన అధికారి, సభకు ఉద్యోగి కాడు. మేయరు సభకు అధ్యక్షత వహిస్తారు, స్థాయీసంఘానికీ వారే అధ్యక్షులు. 150 డివిజన్లు ఉన్న కాలంలో గ్రేటర్ స్థాయీసంఘ సభ్యులు పదిహేనుమంది. ఏటా కార్పొరేటర్లు తమలో నుంచి వారిని ఎన్నుకుంటారు. ఎంపీలు, శాసనసభ్యులు, శాసనమండలి సభ్యులు ఎక్స్ అఫీషియో హోదాలో పాలకమండలిలో ఉంటారు.

సర్వసభ్య సమావేశం మూడు నెలలకొకసారి జరగాలి. ముందు సంతాప తీర్మానాలు, తరువాత గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ, ఆపై ప్రశ్నోత్తరాలు. సభ్యులు ముందుగా రాసి ఇచ్చిన ప్రశ్నలకు అధికారులు రాతపూర్వకంగా జవాబు సిద్ధం చేస్తారు. అటు తరువాత ఎజెండా అంశాలు: రోడ్డు విస్తరణ ప్లాన్లు, టెండర్ల ఆమోదం, దుకాణాల లీజులు, ఉద్యోగుల డెప్యుటేషన్లు, కూడళ్లకు పేర్లు. అప్పటికప్పుడు సభ ముందుకు వచ్చేవి టేబుల్ ఐటమ్‌లు. సభ్యులు తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడతారు. కాగితాల్లో ఇంగ్లీషు ఎక్కువ.

వీటిలో తీర్మానాలకు దక్కే ప్రాధాన్యం ప్రశ్నలకు దక్కదు. పరిశోధకులు కూడా తీర్మానాల సంఖ్యలనే ఉటంకిస్తారు. తీర్మానం ఒక నిర్ణయం జరిగిందని మాత్రమే చెబుతుంది. ఎవరికి అవసరమై, ఎంతకాలం అడిగితే, ఎన్నిసార్లు వాయిదా పడి జరిగిందో చెప్పేది ప్రశ్న. అందులో అడిగినవారి పేరు, డివిజన్ పేరు, జవాబు చెప్పిన శాఖ పేరు ఉంటాయి. అధికారి ఇచ్చిన హామీకి తేదీ ఉంటుంది. మూడు నెలల తరువాత అదే ప్రశ్న మళ్లీ వస్తే, ఆ హామీ ఏమైందో రెండు పుటలు పక్కపక్కన పెట్టి తెలుసుకోవచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గుర్తించక తప్పదు. ఇటీవలి సమావేశాలు చాలావరకు నినాదాలతో, ఆందోళనలతో నడుస్తున్నాయి. ఆ గొడవలోనే అంశాలు గంపగుత్తగా ఆమోదం పొందడం మామూలైపోయింది. ప్రశ్నోత్తరాలు ఒకటి రెండు ప్రశ్నలతో ముగిసిన సందర్భాలున్నాయి. సభ ఉన్నంతమాత్రాన ప్రశ్న బతికి ఉంటుందని చెప్పలేం. కానీ సభ లేకపోతే అది పుట్టడానికే చోటు ఉండదు.

5. సభ లేని ఏళ్లు

1970 నుంచి 1986 వరకు హైదరాబాదుకు ఎన్నికైన పాలకమండలి లేదు. 1986లో ఎన్నికలు జరిగి, ఆ సభ కాలం 1991లో ముగిసింది. తిరిగి 2002 వరకు ఎన్నికలు లేవు. 2007 ఏప్రిల్ 16న పన్నెండు మునిసిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ ఏర్పాటు చేశాక, 2009 నవంబర్ వరకు ఎన్నిక జరగలేదు. 2014 డిసెంబర్ నుంచి 2016 ఫిబ్రవరి వరకు మరో విరామం. 1970, 2020ల మధ్య యాభై ఏళ్లలో సుమారు ముప్పై ఏళ్లు ఈ నగరం సభ లేకుండానే గడిపింది. వీటిలో అధికభాగం 74వ రాజ్యాంగ సవరణకు ముందువి కావడం నిజమే. కాని ఆ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చి, మునిసిపాలిటీ కాలపరిమితి ముగిసేలోపు ఎన్నికలు జరగాలని నిర్దేశించిన తరువాత కూడా ఎనిమిదేళ్లకు పైగా ఎన్నిక జరగలేదు.

ఈ కాలాల్లో పాలకమండలి అధికారాలను, స్థాయీసంఘం అధికారాలను స్పెషల్ ఆఫీసర్ వినియోగించాడు. టెండర్లు ఆమోదం పొందాయి, పద్దులు సిద్ధమయ్యాయి, లీజులు కొనసాగాయి. పరిపాలన ఆగిందని చెప్పడానికి వీల్లేదు. కొన్ని పనులు వేగంగా జరిగాయని కూడా వాదించవచ్చు. 2014–16 విరామంలో కమిషనరే స్పెషల్ ఆఫీసర్. ప్రతిపాదించిన చేయి, ఆమోదించిన చేయి ఒకటే. ఆ ఫైలులో అభిప్రాయభేదానికి చోటులేదు, అడిగినవారి పేరుకూ లేదు. చరిత్రకారుడికి ఆ ఏళ్ల నుంచి నిర్ణయాలు దొరుకుతాయి, వాటి వెనుక ఉన్న మనుషులు దొరకరు.

మరొక అంశం ఇంతకంటే దూరం వెళుతుంది. నగర ప్రణాళికను చేపట్టిన ‘హుడా’ 1975లో, పాతబస్తీ కోసం కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ 1981లో ఏర్పడ్డాయి. రెండూ సభ లేని మొదటి విరామంలోనివే. సభ ఉంటే అవి ఏర్పడేవి కావని అనడానికి ఆధారం లేదు. ఏర్పడినప్పుడు మాత్రం కార్పొరేషన్ తరఫున ఎన్నికైన గొంతు లేదు. 1989లో, సభ ఉన్న కాలంలోనే, మంచినీరు, మురుగునీరు మెట్రోపాలిటన్ జలమండలికి వెళ్లాయి. ఫలితంగా బల్దియా సభకు మిగిలినది పౌరుడు బల్దియా అనే మాటలో ఊహించుకునేదానికంటే బాగా చిన్నది.

6. ఒక వీధి, నాలుగు శాఖలు

ఉప్పుగూడలో ఒక వీధిని తీసుకుంటే ఈ విభజన ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. వానపడితే వీధిలోని వరదకాలువ బల్దియాది. అదే వీధి కింద మురుగు గొట్టం జలమండలిది. దీపం బల్దియాది, దానికి కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థది. పైనున్న చెరువు కట్ట నీటిపారుదల శాఖది. వానకు చెరువు నిండి, నాలా పొంగి, మురుగు వెనక్కి తన్ని ఇంట్లోకి వస్తే, నీరు ఒకటే అయినా జవాబుదారులు ముగ్గురు. ఈ ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడిగే వీలున్న చోటు, ఎన్ని లోపాలున్నా, సర్వసభ్య సమావేశమే. జలమండలి అధికారులు దానికి హాజరవుతారు. సభ్యులు వారిని ప్రశ్నిస్తారు.

పన్ను విషయంలో ఇంత సందేహం ఎప్పుడూ లేదు. దక్షిణ మండల కార్యాలయం ఏళ్ల తరబడి నడిచిన సర్దార్ మహల్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కట్టించిన భవనం. ఆస్తిపన్ను బకాయి కింద కార్పొరేషన్ దానిని 1965లో స్వాధీనం చేసుకుంది. రాజమహలును సైతం వదలని వసూలు యంత్రాంగానికి, తిరిగి ఇవ్వవలసిన సేవ ఏ శాఖదో తేల్చడం మాత్రం ఎప్పుడూ కష్టంగానే ఉంది.

2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఎన్నికైన సభ లేదు. దాని తరువాత వరదకాలువలపై కిర్లోస్కర్ సంస్థ అధ్యయనం చేసి 2003లో నివేదిక ఇచ్చింది. నాలాల వెడల్పు, ఆక్రమణలు, కొత్త కాలువల అవసరం అందులోని అంశాలు. ఆ తరువాతి పదిహేడేళ్లలో ఆ నివేదిక పేరు బల్దియా చర్చల్లో మళ్లీ మళ్లీ వినిపించింది.

2020 అక్టోబర్ 13 రాత్రి కుండపోత వానకు చాంద్రాయణగుట్ట వైపు పల్లెచెరువు కట్ట తెగింది. నాలుగు రోజుల తరువాత, 17 రాత్రి, బాలాపూర్ వైపు గుర్రంచెరువు తెగింది. దిగువనున్న దక్షిణ పాతబస్తీ కాలనీలు నీట మునిగాయి. ఉప్పుగూడ, ఛత్రినాక ప్రాంతాల్లో ఇళ్లలోకి నీరు చేరింది. డిసెంబర్ 1న గ్రేటర్ ఎన్నికల పోలింగు జరిగింది. కొత్త కార్పొరేటర్లు ప్రమాణం చేసి మేయరును ఎన్నుకున్నది 2021 ఫిబ్రవరి 11న. కోవిడ్ కారణంగా కొత్త సభ తొలి సాధారణ సమావేశం ఆ ఏడాది జూన్ చివరివారంలో ఆన్‌లైన్‌లో జరిగింది. వార్షిక పద్దు ఆమోదం అందులో ప్రధానాంశం. అప్పటికి వరద వచ్చి ఎనిమిది నెలలు దాటింది, మరో వానాకాలం మొదలైంది.