విచారణకు రాని వెట్టి

మన సంఘ వార్షిక సంచికలయందు పూర్వులు త్రవ్వించిన చెరువులను, కట్టించిన సత్రములను కీర్తించుట ఆచారము. అది యుచితమే. కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది పనివాండ్రు ఆ చెరువున శ్రమించిరని అందు గలదు. కట్టించిన భాస్కర భవదూరుని నామము శాసనమెక్కినది. ఆ వేయిమంది పేళ్లు లేవు. పేళ్లు లేనివారిని గూర్చియే ఈ యేడు మేము కొంత విన్నవింపదలచితిమి.

వెట్టి యనునది సంస్కృతమందలి ‘విష్టి’ శబ్దమునుండి వచ్చినది. కూలి లేక నిర్బంధముగా చేయించుకొను పని యని యర్థము. కౌటిల్యుని అర్థశాస్త్రమునందే ఈ మాట గలదు. కడప సీమ 1800లోను, కర్నూలు నవాబు సంస్థానము 1839లోను కుంపినీ వశమైనవి. తుంగభద్ర కావలి యలంపురము నిజాము రాజ్యముననే నిలిచెను. ఆ రాజ్యమున దొరలకును, అధికారులకును చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మున్నగువారు ఊరక పని చేయవలసియుండెను. 1921లో నేర్పడిన ఆంధ్రజనసంఘము ఈ దురాచారమును ఖండించెను. ఆ నదీతీరసీమవారే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటయందలి ప్రథమాంధ్రమహాసభకు అధ్యక్షులైరి.

1947-48 సంవత్సరములలో రజాకార్ల యుపద్రవమున పెక్కు కుటుంబములు నది దాటి కర్నూలు చేరెను. అట్లు వచ్చిన యొక యిల్లాలిని గూర్చి మా తాతగారు చెప్పుచుండిరి. ఆమె భర్తను దొరగారి మూటలు మోయుటకు వెట్టికి పిలిచికొనిపోయిరి. అతడు మరలి రాలేదు. త్రోవలో రజాకార్లు చంపిరో, దొరగారి మనుష్యులే చంపిరో తెలియదు. ఆ దొరగారింటికి మనవారు పిల్ల నిచ్చియుండిరి. కావున ఎవరును ఫిర్యాదు చేయరైరి. ఆమె మాత్రము కడదాక నుదుట బొట్టు తీయలేదట.

1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వము లొంగిపోయెను. పిదప ప్రత్యేక న్యాయస్థానము లేర్పడినవి. రజాకారు నాయకుడు కాసిం రజ్వీకి బీబీనగరము కేసులో ఏడేండ్ల శిక్ష పడెను. 1953లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. 1957లో విడుదలయై అతడు పాకిస్తానమునకు పోయెను. ప్రధానమంత్రి లాయక్ అలీ 1950లోనే గృహనిర్బంధమునుండి తప్పించుకొని పోయెను. 1947 డిసెంబరులో గూర్తూరు గ్రామమును కాల్పించెనన్న కేసులో నాటి వరంగల్లు సుబేదారునకు మరణదండన పడెను. కాని ముఖ్యసాక్షులను విచారింపలేదను కారణమున 1953లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివైచెను. శత్రువునకైనను న్యాయమార్గముననే శిక్ష పడవలెనన్న ఆ తీర్పును మేము తప్పుపట్టము.

మా యార్తి వేరు. అట్టి ప్రత్యేక న్యాయస్థానములే 1949లో, వెట్టికి ఎదురుతిరిగిన తెలంగాణ రైతుపోరాటమున చేరిన పండ్రెండుగురికి ఉరిశిక్ష విధించెను. తుదకవి యావజ్జీవములుగా మారినవి. వెట్టి చేయించుకొన్న పాపమునకో, మాకు తెలిసినంతలో ఒక్క దొరయు బోనెక్కలేదు. పోలీసు చర్య పిమ్మట వేలకొలది ముసల్మానులు హతులైరని సుందరలాల్ సంఘము నివేదించెను; ప్రభుత్వము దానిని చిరకాలము ప్రకటింపలేదు. ఓడినవాని నేరము తీర్పునకు వచ్చినది. గెలిచిన పక్షమువాని నేరము కాగితములలో మరుగుపడినది. మనయింటి నేరము కాగితమున కైనను ఎక్కలేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ యధికరణమున వెట్టిని నిషేధించెను. కట్టుబానిసత్వ నిర్మూలన చట్టము 1976లో వచ్చెను. చట్టము ముందునకు చూచును. వెనుకటి లెక్క తీర్చుట చరిత్రకారుని పని. న్యాయస్థానము తలుపు మూసినను చరిత్ర తలుపు మూయబడదు.

మహాశయులారా! మీ యిండ్ల పెట్టెలలో పాత దస్తరములు, జాబులు, కౌలుకాగితములు గలవు. వానిలో మన పెద్దలకు వెట్టి చేసినవారి పేళ్లున్న దాచక పంపుడు. వృద్ధుల నోట విన్నవియు వ్రాసి పంపుడు. దాతల పట్టికతోపాటు ఆ పట్టికయు రాబోవు సంచికలో నచ్చుపడవలెను. ఇందువలన మన వంశగౌరవము తరుగునని కొందరందురు. ఋణమును ఒప్పుకొన్నవాని పరువు తరుగదని మేము నలువదేండ్లు బడిపిల్లలకు చెప్పితిమి. ఆ మాట మనకును వర్తించుగాక!