కొండభాషలో ఱకారం: తెలుగు ధ్వని చరిత్రకు సాక్ష్యం

ప్రాచీనాంధ్రంలో ర, ఱలు భిన్న ధ్వనులు. నన్నయ ప్రాసల్లో ఈ భేదం స్పష్టం. అనంతరకాలంలో ఱకారం ఉచ్చారణలో రేఫతో కలిసిపోయింది. మూలద్రావిడ దంతమూలీయ స్పర్శం ద్విరుక్తమైన చోట తెలుగులో ‘ట్ట’ ఏర్పడింది. తమిళ ‘పుఱ్ఱు’కు తెలుగు ‘పుట్ట’ సజాతీయరూపం.

ఈ పరిణామానికి పూర్వదశను నిరూపించే భాష కొండ లేక కూబి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు రీడరుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి దీని వర్ణనాత్మక వ్యాకరణాన్ని 1969లో ప్రకటించారు. అరకు ప్రాంతపు కొండదొరల ఈ దక్షిణ మధ్య ద్రావిడ భాషలో రేఫ తాడితం, ఱకారం నాదకంపితం. పై ద్విరుక్త స్పర్శం ఇక్కడ శ్వాసకంపితమైంది. తెలుగు ‘వాఁడు’కు కొండ రూపం ‘వాన్ఱు’. తెలుగులో అరసున్నగా క్షీణించిన నకారం, డకారంగా మారిన ఱకారం అందులో నిలిచి ఉన్నాయి.

శాసనాలు అక్షరాన్ని మాత్రమే చూపుతాయి. దాని ఉచ్చారణను ఊహించడానికి ఇటువంటి సోదరభాషలే ఆధారం. కొండదొరల్లో అధికులు ఇప్పటికే తెలుగుకు మారారు. ప్రాచీన లిఖిత సంప్రదాయం లేని ఈ భాషలో మిగిలిన వక్తల ఉచ్చారణను ధ్వనిముద్రణ చేయడం తెలుగు భాషాచరిత్ర పరిశోధనలోనూ అంతర్భాగం కావాలి.