కారు చక్రముల పరిమాణవృద్ధి: ఉడుమలైపేట మార్గముల దృష్ట్యా

నిర్మాత అమర్చి యిచ్చిన చక్రములను తొలగించి, అంతకంటె పెద్ద వ్యాసముగల రిమ్ములను, వానిపై ప్రక్కగోడ పొట్టియైన టైర్లను కారునకు బిగించుటకు చక్రముల పరిమాణవృద్ధి యని పేరు. రిమ్ము ఒక అంగుళము పెరిగినచో ‘ప్లస్ వన్’ అనియు, రెండంగుళములు పెరిగినచో ‘ప్లస్ టూ’ అనియు వర్క్‌షాపులలో వ్యవహరింతురు. తిరుప్పూరు జిల్లాలో ఆనమలలకు ఉత్తరమున నున్న ఉడుమలైపేటలో, చదునైన రహదారిని, కొండదారిని ఒకే బండి త్రొక్కవలసి యుండుటచే, ఇది అలంకారమునకు మాత్రమే గాక భద్రతకును సంబంధించిన నిర్ణయమగుచున్నది.

పూర్వవృత్తము

అనేక తరములుగా తెలుగు కుటుంబములు నివసించుచున్న ఈ కొంగుసీమకు మోటారు వాహనముతో గల సంబంధము చిరకాలమైనది. కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమందలి తెలుగు రైతు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడు, 1920లో తన మొదటి బస్సును పొల్లాచి, పళనిల నడుమ నడిపెను. ఆ దారి నడిమి పట్టణమే ఉడుమలైపేట. ఆనాటి టైర్ల ప్రక్కగోడ యెత్తు ఇంచుమించు వాని వెడల్పునకు సమానముగా నుండెడిది. కంకరదారుల కుదుపును ఆ యెత్తైన గోడయే చాలవరకు మ్రింగెడిది. 1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన రేడియల్ నిర్మాణము వ్యాప్తిలోనికి వచ్చిన పిమ్మట, టైరు గోడను పొట్టిచేయుట సుసాధ్యమయ్యెను. పెద్ద డిస్కుబ్రేకులకు పెద్ద రిమ్ము లోపలనే చోటు చిక్కునుగాన, పందెపు కార్లు ఈ మార్గమును త్రొక్కెను. సాధారణ వాహనములు వానిని అనుసరించెను.

కొలతలు

టైరు ప్రక్కగోడపై 185/65 ఆర్ 15 అని యున్నచో, వెడల్పు 185 మి.మీ., గోడ యెత్తు అందు 65 శాతము, అనగా సుమారు 120 మి.మీ., రిమ్ము వ్యాసము 15 అంగుళములు. మొత్తము చక్రవ్యాసము 621.5 మి.మీ. దీనికి బదులు 195/55 ఆర్ 16 వేసినచో మొత్తము 620.9 మి.మీ. అగును, భేదము లెక్కింపదగినది కాదు, కాని గోడ 107 మి.మీ.కు తగ్గును. 205/45 ఆర్ 17 వేసినచో మొత్తము 616.3 మి.మీ., గోడ 92 మి.మీ. మాత్రమే. మొత్తపు వ్యాసము మారకుండుటయే ఇందలి ప్రధాన సూత్రము. దానిని లెక్కింపక 205/60 ఆర్ 16 బిగించినవాని చక్రము 652 మి.మీ. దాటును, అప్పుడు చక్రము తిరుగు లెక్కనుబట్టియే వేగమును చూపు స్పీడోమీటరు, కారు ఇదివరకటికంటె 5 శాతము అధికముగా పోవుచున్నను, పాత అంకెనే చూపును.

గుణదోషములు

పొట్టిగోడ తక్కువగా వంగును గాన, స్టీరింగు త్రిప్పినంతనే బండి మాట వినును. మలుపులలో ఒరుగు భావము తగ్గును. కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున, పందెపు కార్ల రూపశిల్పి ఎస్. కరివర్ధన్ స్మృతిగా నెలకొన్న కరి మోటారు స్పీడ్‌వే వంటి నున్నని బాటపై ఈ గుణములన్నియు ప్రకాశించును. అయితే టైరులోని గాలియే కారునకు మొదటి స్ప్రింగు. గోడను తగ్గించుట యన ఆ స్ప్రింగును తగ్గించుటయే. గుంత అంచును వేగముగా తాకినపుడు, పొట్టిగోడ నలిగి రాతికిని రిమ్ము అంచునకును మధ్య చిక్కుకొనును; లోపలి దారములు తెగును; కొన్నాళ్లకు ఆ తావున కోడిగ్రుడ్డంత ఉబ్బు పైకి వచ్చును. ఆ టైరునకు అతుకు లేదు, దానిని పారవేయవలసినదే. ఇనుప రిమ్ము వంగిన కొట్టి సరిచేయవచ్చును గాని, అలాయ్ రిమ్ము పగులుటయు కలదు. ఇదిగాక వెడల్పు టైరు వాననీటిపై ముందుగా తేలును. బరువైన చక్రము ఇంధనమును అధికముగా త్రాగును.

నిర్ణయమునకు ఆధారములు

మొదటిది భారము. 185/65 ఆర్ 15 టైరుపై సామాన్యముగా కనబడు 88 అను సంఖ్యకు ఆ టైరు 560 కిలోలు మోయగలదని అర్థము. 195/55 ఆర్ 16పై కనబడు 87 అను సంఖ్యకు 545 కిలోలే. ఐదుగురు మనుష్యులతో, మూటలతో, చిన్నార్ అభయారణ్యము మీదుగా మరయూరు, మున్నారులకు ఎక్కు ఘాటులో ఈ అంకె తగ్గరాదు.

రెండవది అమరిక. బోల్టుల వలయము, రిమ్ము లోపలికి వెలుపలికి నిలుచు దూరము, నడిమి రంధ్రము మూడును సరిపోవలెను. మారుతి స్విఫ్ట్ హబ్బు 54.1 మి.మీ.; విడిగా అమ్ము రిమ్ముల రంధ్రము తరచు అంతకంటె పెద్దది గాన, నడుమ హబ్బు రింగు వేయనిచో వేగమున స్టీరింగు వణకును.

మూడవది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమందలి 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత నిర్దేశమునకు భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున 2019లో సుప్రీంకోర్టు ఆ నిషేధమునే స్థిరపరచెను. మున్నారు దారి చిన్నార్ చెక్‌పోస్టు వద్ద కేరళలో ప్రవేశించునను సంగతి ఇక్కడివారు గుర్తుంచుకొనవలెను.

ఈ మూడింటికిని లొంగు మార్గ మొకటి కలదు: అదే కారు మేలిరకమునకు నిర్మాతయే వేసిన కొలతను స్వీకరించుట. 2018 నాటి స్విఫ్ట్ క్రిందిరకమునకు 165/80 ఆర్ 14, మేలిరకమునకు 185/65 ఆర్ 15 వచ్చెను. రెంటి మొత్తపు వ్యాసములకు రెండు మి.మీ. భేదము మాత్రమే. అమరావతి ఆనకట్టకు, తిరుమూర్తి కొండకు, మున్నారునకు కుటుంబముతో పోవువారికి ఇంతవరకు పెంచుట యుక్తము; అంతకు మించిన పెంపు ఆ దారులకు తగదు. అట్టి కొలత లభింపని కారునకు, పాతకొలతలోనే మేలుజాతి టైర్లు కొని, అలైన్‌మెంటు సరిచూపించి, నెలకు రెండుమారులు గాలి కొలిపించుట ధనమునకు సార్థకమైన వినియోగము.