పనసపండు ఉత్తరం

ఢిల్లీ చాణక్యపురిలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియంలో పిల్లలకి బొమ్మ రైలు సరదా. పెద్దవాళ్లని నవ్వించేది ఒక ఉత్తరం. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి వచ్చీరాని ఇంగ్లీషులో రాసుకున్న ఫిర్యాదు అది. పనసపండు తిని కడుపుబ్బి, అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగి పక్కకి వెళ్తే గార్డు ఈల వేసేశాడు. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి అందరి ముందూ పడ్డాడు. బండి వెళ్లిపోయింది. గార్డుకి పెద్ద జరిమానా వెయ్యకపోతే పేపర్లకి ఎక్కిస్తానన్నాడు.

ఈ ఉత్తరం వల్లే మూడో తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు వచ్చాయని ఒక కథ చెలామణీలో ఉంది. ముందు ఉత్తరం, తర్వాత దొడ్లు. కాబట్టి దీనివల్లే అది! కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అన్న మాట మనదే, వాడకం మాత్రం మర్చిపోతాం.

మన దేశంలో ప్రయాణికుల రైళ్లు 1853లో మొదలయ్యాయి. టిక్కెట్ల రాబడిలో సింహభాగం మూడో తరగతి వాళ్లదే. అయినా దశాబ్దాల పాటు వాళ్లు స్టేషన్ వచ్చేదాకా ఉగ్గబట్టుకున్నారు. ఊరుకున్నారా అంటే లేదు. ప్రయాణికుల అవస్థల మీద వాయువ్య రాష్ట్రాల బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ 1866లోనే వైస్రాయికి అర్జీ పెట్టింది. పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. ఆ అర్జీల్లో పనసపండు లేదు, తప్పుల ఇంగ్లీషు లేదు, అందుకే ఎవరికీ గుర్తు లేవు. పోనీ దొడ్లు వచ్చాక సుఖపడ్డారా? 1917లో గాంధీ బొంబాయి నుంచి మద్రాసుకి మూడో తరగతిలో వెళ్లి, దొడ్డి కడిగినవాడు లేడనీ, తొట్టిలో నీళ్లు లేవనీ రాశాడు.

మ్యూజియంలో వినోదం కూడదనే ఛాందసం నాకు లేదు. బొమ్మ రైలు చరిత్ర గురించి ఏ అబద్ధమూ చెప్పదు. ఈ కథ చెబుతుంది: పాలకులు ఒక్క జోకుకి కరిగిపోయారని. పైగా మనం నవ్వేది బెంగాలీ బాబు ఇంగ్లీషుని చూసి. అది తెల్లదొరల పాత హాస్యమే.

ఉత్తరం తియ్యొద్దు. పక్కనే 1866 అర్జీ పెట్టాలి, దొడ్డి లేని మూడో తరగతి పెట్టె నమూనా ఒకటి కట్టి, పిల్లల్ని ఆ బల్లల మీద కిక్కిరిసి కూర్చోబెట్టాలి. వాళ్లకి అదీ ఆటే. ఇంజను నడిపేవాళ్ల కోసం మరుగుదొడ్డి ఉన్న మొదటి ఇంజను 2016లో గానీ రాలేదన్న సంగతి కూడా అక్కడే రాయొచ్చు.