డాక్టరు పేరు, మేస్టారి మడులు

జర్మనీలో రైలు ఏ పట్నం పొలిమేరకొచ్చినా పట్టాల పక్కన చిన్న చిన్న తోటలు బారులు తీరి కనిపిస్తాయి. నడుమెత్తు కంచె, మూలన చిన్న చెక్క గది, వాన నీళ్లు పట్టే పీపా, కర్రలకు పాకిన చిక్కుళ్లు, బంగాళాదుంప బోదెలు, ఒక ఆపిల్ చెట్టు. అపార్ట్‌మెంట్లలో కాపురం ఉండేవాళ్లు కౌలుకు తీసుకుని కూరగాయలు పండించుకునే జాగాలివి. దేశం మొత్తం మీద సుమారు 9 లక్షలుంటాయి. వీటిని అక్కడి జనం ‘ష్రేబర్ తోటలు’ అంటారు.

చిత్రం ఏమిటంటే, మొదటి మడి తవ్వేనాటికి ఆ ష్రేబర్ చనిపోయి ఏళ్లు గడిచాయి. తోటలు పెట్టమని ఆయన ఎవరికీ చెప్పలేదు కూడా.

మోరిట్జ్ ష్రేబర్ లైప్‌జిగ్‌లో ఎముకల డాక్టరు. పిల్లలు వెన్ను వంచి కూర్చుంటే ఆయనకు గిట్టదు. నిటారుగా కూర్చోబెట్టడానికి బల్లకు బిగించే కమ్మీలు, తల వాలకుండా జుట్టుకు కట్టే పట్టీలు తయారుచేసి, బొమ్మలతో సహా పుస్తకాల్లో అచ్చు వేయించాడు. ఆయన కొడుకు పెద్ద జడ్జి అయ్యాడు, తర్వాత మతి చలించి ఆసుపత్రి పాలయ్యాడు, ఆ అనుభవాలను పుస్తకంగా రాశాడు. 1911లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ విశ్లేషించింది ఆ పుస్తకాన్నే. ఇంత కఠినమైన మనిషి పేరు చిక్కుడు పాదులకు అంటుకోవడానికి కారణం ఆయన చెప్పిన ఒకే ఒక్క మంచి మాట: ఫ్యాక్టరీల పొగలో పెరిగే పట్నం పిల్లలకు ఆడుకోవడానికి ఆరుబయలు కావాలని. 1861లో ఆయన పోయాడు. మూడేళ్లకు అదే ఊళ్లో హౌషిల్డ్ అనే హెడ్‌మాస్టరు తల్లిదండ్రులను కూడగట్టి ఒక సంఘం పెట్టి, గౌరవంగా డాక్టరు పేరు తగిలించాడు. 1865లో ఆ సంఘం ఆటల మైదానం తెరిచింది. అప్పటికీ తోట ఊసు లేదు.

మడులు వేయించింది గెజెల్ అనే రిటైరైన మేస్టారు. ఆటల మధ్యలో పిల్లలకు కాస్త మట్టిపని అలవడుతుందని మైదానం అంచున వాళ్ల చేత విత్తనాలు వేయించాడు. పిల్లలు నాలుగు రోజులు ముచ్చటగా నీళ్లు పోసి తర్వాత బంతి వెనక పరుగెత్తారు. మడుల్లో కలుపు మోకాలెత్తు పెరిగింది. స్కూలు ప్రాజెక్టు కోసం డబ్బాలో మెంతులు జల్లిన ఇంట్లో చివరికి నీళ్లెవరు పోస్తారో మనకు తెలియంది కాదు. లైప్‌జిగ్‌లోనూ అమ్మానాన్నలే పారలు పట్టుకున్నారు. పట్టాక వదల్లేదు. పిల్లల మడులు కుటుంబాల మడులయ్యాయి, చుట్టూ కంచెలు లేచాయి, ఎండకూ వానకూ తలదాచుకోను చిన్న గదులు వెలిశాయి. కొద్ది ఏళ్లలోనే సుమారు 100 తోటలు, వాటికో నియమావళి. 1876లో ఆ సంఘం ఇంకో చోటికి తరలింది. ఆ రెండో చోటు ఇప్పటికీ తోటే. సంఘ భవనంలో ఈ తోటల మ్యూజియం ఉంది.

ఇది చెప్పుకోను సరదాగా ఉండే కథ. దీనికన్నా పాతది ఆకలి కథ. 1814లోనే ఉత్తరాన కాపెల్న్ అనే ఊళ్లో ఒక పాదిరి చర్చి భూమిని ముక్కలు చేసి కౌలుకిచ్చాడు. బెర్లిన్‌లోనైతే ఖాళీ జాగాలను దళారులు గుత్తకు తీసుకుని, కూలీలకు ముక్కలుగా మారు కౌలుకిచ్చేవారు. షరతేమిటంటే, కౌలుదారు ఆ దళారి కొట్లోనే బీరు తాగాలి. అద్దె ఒక చేత్తో, తాగుడు డబ్బు ఇంకో చేత్తో అన్నమాట. భూస్వామికి ఇల్లు కట్టే బేరం తగిలితే కాపు మీదున్న క్యాబేజీని వదిలి లేచిపోవాల్సిందే.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ పద్ధతిని తిరగేసింది. 1916లో బంగాళాదుంప పంట పోయింది, సముద్రం మీద బ్రిటన్ దిగ్బంధం, పశువులకు వేసే దుంపలు తిని జనం చలికాలం గడిపారు. పెరట్లో నాలుగు మడులున్నవాడే అదృష్టవంతుడు. 1919లో చట్టం వచ్చింది: తోట కౌలు ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు, కౌలుదారును తోచినప్పుడు లేపకూడదు. నన్నడిగితే ఈ తోటలు నిజంగా పుట్టింది ఆ రోజున. విత్తనాలూ ఎరువూ ఎక్కడైనా దొరుకుతాయి. వచ్చే ఏడూ ఈ మట్టి నాదేనన్న నమ్మకం లేనివాడు ఆపిల్ మొక్క నాటడు. మన పట్నాల్లో మిద్దె తోటలు ఎక్కువగా సొంత ఇల్లున్నవాళ్లవే ఎందుకయ్యాయో ఇక్కడే అర్థమవుతుంది. రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లకు మేడ తాళం ఓనరు దగ్గర ఉంటుంది.

జర్మనీలోని ఆ తోటలు కూరగాయలనే కాదు, తమ చెక్క గదుల్లో మనుషులనూ కాచాయి. హాన్స్ రోజెంతాల్ అనే యూదు కుర్రాడు 1943 నుంచి 1945 దాకా బెర్లిన్‌లో ఇలాంటి తోటల మధ్య దాక్కుని నాజీల చేతికి చిక్కలేదు. అక్కడి ఆడవాళ్లు తమ తిండిలోంచే తీసి పెట్టారు. తర్వాతి కాలంలో అతను జర్మనీ అంతా ఎరిగిన టీవీ వ్యాఖ్యాత అయ్యాడు. బాంబులకు ఇళ్లు కూలినవాళ్లు యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి ఈ గదుల్లోనే కాపురాలు చేశారు.

తూర్పు జర్మనీలో ఇంకో తమాషా. అంగళ్లలో కూరలకు కటకట కాబట్టి తోటల్లో మిగిలినవి సర్కారు మంచి ధరకు కొనేది, సబ్సిడీతో అంతకన్నా తక్కువకు అమ్మేది. పొద్దున తన పంటను అమ్మేసి, అదే సరుకును చౌకగా తిరిగి కొనుక్కునే తెలివైనవాళ్లూ లేకపోలేదు.

ఇప్పుడు నడుస్తున్నది 1983 నాటి చట్టం. తోట 400 చదరపు మీటర్లు మించకూడదు. మన లెక్కలో 478 గజాలు. హైదరాబాద్‌లో అంత జాగా దొరికితే ఐదంతస్తులు లేపేస్తాం. గది వరండాతో కలిపి 24 చదరపు మీటర్లు దాటకూడదు, అందులో కాపురం పెట్టకూడదు. మూడో వంతు నేలలోనైనా పళ్లూ కూరలూ పండించాలని 2004లో అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. గడ్డి పెంచి కుర్చీ వేసుకు కూర్చుంటే సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. కంచె ఎత్తుకు కూడా కొలత ఉంటుంది. చాదస్తమే. కానీ కూరలు పండుతున్నాయి కాబట్టే తక్కువ కౌలుకు చట్టం ఒప్పుకుంటోంది. విహారానికైతే ఆ రక్షణ ఉండదు.

పెద్ద పట్నాల్లో తోట కోసం పేరు రాయించుకుంటే వంతు రావడానికి ఏళ్లు పడుతుంది. బెర్లిన్‌లో మనుషులకు ఇళ్లే చాలక, ఈ జాగాల మీద బిల్డర్లకూ మునిసిపాలిటీకీ కన్నుంది. కౌలుదార్లు ఊరుకోవడం లేదు. ఈ లోగా కొన్నిచోట్ల, ముసలివాళ్లు వదిలేసిన పెద్ద తోటను సంఘాలు రెండుగా చీల్చి, వరసలో ఉన్న ఇద్దరికి ఇస్తున్నాయి.